చేయి తిరిగిననాడే విద్య

విద్యలు రెండు విధాలు. విని, చదివి గ్రహించేది మొదటిది. చేతితో చేసి, చెడగొట్టి, తిరిగి సరిదిద్ది వశం చేసుకొనేది రెండవది. ఈతను గురించిన గ్రంథం చదివి ఏరు దాటినవాడు లేడు. వడ్రంగి, కంసాలి, నేతగాడు మొదలైనవారు తమ విద్యను పనిముట్టు పట్టుకొనే నేర్చారు. నేటి యువతరాన్ని విశేషంగా ఆకర్షిస్తున్న వెబ్‌సైట్ల నిర్మాణం పైకి మొదటి రకం విద్యగానే కనిపిస్తుంది. అది కంప్యూటర్‌కు సంబంధించినది. ఇంగ్లీషు మాటలతో నిండినది. తరగతి గదులలోనూ వీడియో పాఠాలలోనూ దొరికేది. కాని స్వభావాన్ని బట్టి చూస్తే అది రెండవ రకం విద్యయే. ఈ భేదాన్ని గుర్తించని కారణంగా ఎందరో యువతీయువకులు నెలల తరబడి పాఠాలు విని కూడా ఒక్క పేజీని సొంతంగా కట్టలేక, తప్పు తమ బుద్ధిలోనే ఉన్నదని భ్రమపడి నిరుత్సాహం చెందుతున్నారు.

ఈ సమస్య రిసాలి వంటి ఊళ్ళలో మరింత తీవ్రంగా కనిపిస్తుంది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం, దుర్గ్ జిల్లాలో భిలాయి ఉక్కు కర్మాగారం నీడన పెరిగిన నివాస ప్రాంతం రిసాలి. భిలాయి నగరపాలిక నుండి విడివడి ప్రత్యేక నగరపాలికగా ఏర్పడిన ఈ ఊరికి 2021 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి ఉక్కు పనికై తరలివచ్చిన తెలుగు కుటుంబాలు భిలాయి పరిసరాలలో తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. తొలి తరానికి జీవిక సమస్య కాలేదు. కర్మాగారంలో పని దొరికితే జీవితం ఒడ్డున పడేది. నేడు యంత్రాలు పెరిగాయి, శాశ్వతోద్యోగాలు తగ్గాయి. తండ్రి పదవీ విరమణ సొమ్ములో కొంత తీసి బిడ్డకు కంప్యూటర్ విద్య చెప్పించడం అక్కడి ఇళ్ళలో సామాన్య విషయమైంది. కనుక ఆ విద్యను ఎట్లా నేర్చుకోవాలి అన్నది కేవలం అభిరుచికి సంబంధించిన ప్రశ్న కాదు. ఒక కుటుంబం కూడబెట్టిన ధనమూ, ఒక యువకుని లేక యువతి జీవితంలోని విలువైన రెండు మూడు సంవత్సరాలూ దానిపై ఆధారపడి ఉన్నాయి.

ఉక్కునగరం చెప్పే పాఠం

ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి రిసాలివాసులు దూరం పోనవసరం లేదు. భిలాయి కర్మాగారం పుట్టుకలోనే అది ఉన్నది. 1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరే నాటికి అక్కడున్నవి పల్లెలూ, పొలాలే. నాలుగేండ్లు తిరిగేసరికి, 1959 ఫిబ్రవరి 4న, తొలి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అంతకు ముందెన్నడూ కొలిమి ముఖం చూడనివారు ఇంత తక్కువ కాలంలో ఉక్కు పని ఎట్లా నేర్చారు? ఇంజనీర్లు కొందరు సోవియట్ కర్మాగారాలకు వెళ్ళి శిక్షణ పొందివచ్చారు. తక్కినవారు సోవియట్ నిపుణుల పక్కన నిలిచి, వారు చేసే పనిని చూసి, తామూ చేసి, పొరపాటైనచోట దిద్దించుకొని నేర్చుకొన్నారు.

మరొక విశేషం గమనించదగినది. కర్మాగారం ఒక్కసారిగా ఇప్పటి స్థాయికి రాలేదు. మొదట ఏడాదికి పది లక్షల టన్నుల సామర్థ్యం. పిమ్మట ఇరవై ఐదు లక్షలు. ఆ తరువాత నలభై లక్షలు. ఒక్కొక్క మెట్టు మీద నిలదొక్కుకొన్న తరువాతనే పై మెట్టు. నేడు 130 మీటర్ల పొడవైన రైలుపట్టాను అతుకు లేకుండా రూపొందించగల సామర్థ్యం ఈ క్రమాభివృద్ధి ఫలమే. రాజహరా గనుల నుండి వచ్చిన ఖనిజం ముందు కరగాలి. కరిగిన ఇనుము ఉక్కు కావాలి. ఆ ఉక్కు రోలింగ్ మిల్లులో పట్టాగా సాగాలి. ఈ వరుసను తప్పించి ఎవరూ పట్టా తయారు చేయలేరు.

తెరచి ఉంచిన కార్ఖానా

వెబ్‌సైట్ల విద్యకు మూలస్థానమైన ‘వరల్డ్ వైడ్ వెబ్’ స్విట్జర్లాండ్‌లోని సెర్న్ అనే అణుభౌతిక పరిశోధనాలయంలో పుట్టింది. టిమ్ బెర్నర్స్-లీ అనే ఆంగ్లేయుడు 1989 మార్చిలో అక్కడి అధికారులకు ఒక ప్రతిపాదన సమర్పించాడు. వేర్వేరు కంప్యూటర్లలో చెదరి ఉన్న పత్రాలను ఒకదానితో ఒకటి ముడివేయడమే దాని సారాంశం. 1991లో అది పరిశోధనాలయం గడప దాటి ప్రపంచానికి పరిచయమైంది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ ఆ సాధన సామగ్రిని ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చునని ప్రకటించింది.

ఆ ఔదార్యం వల్ల నేర్చుకొనేవానికి అపూర్వమైన సౌకర్యం ఒకటి కలిగింది. ఇతర వృత్తులలో వస్తువు కంటికి కనిపిస్తుంది గాని దాని తయారీ రహస్యం గోడల వెనుక దాగి ఉంటుంది. వెబ్ పేజీ విషయం అట్లా కాదు. కంప్యూటర్‌లోని బ్రౌజర్‌లో ఏ పేజీనైనా తెరచి, దాని మూలరచనను చూపుమని కోరితే చాలు, ఆ పేజీని రూపొందించే వాక్యాలన్నీ ఎదుట నిలుస్తాయి. తొలి దశకంలో ఎందరో ఈ విద్యను ఇట్లాగే పరుల పేజీలను తరచి చూసి నేర్చారు. నేటి పెద్ద సైట్ల రచన జటిలమై, యంత్రాలచే కుదించబడి చదవ వీలుకాకుండా ఉంటున్నమాట నిజమే. అయినా చిన్న సైట్లు నేటికీ విప్పి చూడదగిన పాఠ్యగ్రంథాలే.

ఉక్కు తయారీకి వలెనే ఇక్కడా ఒక వరుస ఉన్నది. మొదటిది హెచ్.టి.ఎం.ఎల్.; పత్రంలో శీర్షిక ఏది, పేరా ఏది, చిత్రం ఏది, మరొక పత్రానికి దారి ఏది అని తెలిపే గుర్తుల భాష ఇది. రెండవది సి.ఎస్.ఎస్.; అదే పత్రానికి రంగు, అక్షరాల పరిమాణం, అమరిక సమకూర్చే నియమావళి. నార్వే దేశీయుడు హాకన్ వియుం లీ 1994లో దీనిని ప్రతిపాదించాడు. మూడవది జావాస్క్రిప్ట్, మీట నొక్కితే ఏం జరగాలి, లెక్క ఎట్లా తేలాలి అన్న చలనమంతా దీని పని. బ్రెండన్ ఐక్ 1995లో దీని తొలి రూపాన్ని పది రోజులలో రచించాడు. ఈ మూడూ వంటబట్టిన తరువాతనే సర్వరు, సమాచార నిల్వల ప్రసక్తి. కాని పలువురు అభ్యాసకులు మొదటి రెండింటిని ‘సులువైనవి’ అని తోసివేసి, ఉద్యోగ ప్రకటనలలో కనిపించే కొత్త కొత్త పరికరాల పేర్ల వెంట పరుగు తీస్తున్నారు. ఖనిజం కరగకముందే పట్టా సాగదీయబోవడం వంటిది ఇది.

చిన్న పని, నిజమైన పని

అయితే అభ్యాసం దేనితో ఆరంభించాలి? తనకు పరిచితమైన ఒక నిజమైన అవసరంతో ఆరంభించడం ఉత్తమం. రిసాలిలో ఒక తెలుగు యువకుడు తన వాడలో జరిగే ఉగాది ఉత్సవానికి ఒక్క పేజీ సమాచార పత్రం తయారుచేయ సంకల్పించాడని భావించండి. తేదీ, వేళ, స్థలం, పిల్లల పోటీల వివరాలు, ఒక చిత్రం, దారి చూపే పటం. ఇంతే. దీనికి ఖరీదైన యంత్రం అక్కరలేదు. సామాన్యమైన కంప్యూటరూ, అందులో ఉచితంగా లభించే రచనా సాధనమూ చాలు.

ఈ చిన్న పని చేయబోయినప్పుడే పుస్తకాలు చెప్పని పాఠాలు ఎదురవుతాయి. పేజీని యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో చదువుమని మొదటి భాగంలో ఒక్క వరుస రాయడం మరచితే, తెలుగుకు బదులు అర్థంలేని గుర్తులు బారులు తీరి ప్రత్యక్షం కావచ్చు. అప్పుడు అతడు కారణం వెదకుతాడు. ప్రపంచ లిపులకు సంఖ్యలు కేటాయించిన యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాల అర ఒకటి ఉన్నదని తెలుసుకొంటాడు. ‘తెలుగు’ అన్న మాటలో ఎన్ని అక్షరాలని జావాస్క్రిప్ట్‌ను అడిగితే ఆరు అని సమాధానం వస్తుంది. మన కంటికి మూడే. యంత్రం త, ల, గ అనే హల్లులను, వాటిపై ఎత్వాన్ని, రెండు కొమ్ములను వేర్వేరుగా లెక్కిస్తుంది. ‘శ్రీ’ అన్న ఒక్క అక్షరం దాని లెక్కలో నాలుగు. ఇది వినోదం కోసం చెప్పే విశేషం కాదు. పోటీలో పేరు నమోదు చేసే పత్రంలో ‘పది అక్షరాలకు మించరాదు’ అని నియమం పెడితే, తెలుగు పేరు నడుమ తెగిపోతుంది. ఒత్తు ఒకచోట, అక్షరం ఒకచోట మిగులుతాయి. ఈ చిక్కును ఒకసారి స్వయంగా విప్పినవాడు జీవితంలో దానిని మరచిపోడు.

అట్లే, ఇంగ్లీషుకు సరిపోయే వరుసల మధ్య ఎడం తెలుగుకు చాలదు. పైన గుడి, కింద ఒత్తు ఉన్న మన అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి చదువరికి శ్రమ కలిగిస్తాయి. ఎడం పెంచి చూస్తేనే పేజీ ప్రశాంతంగా కనిపిస్తుంది. ధూర్జటి, పెద్దన, తిమ్మన, గురజాడ, గిడుగు మొదలైన పేర్లతో ఉచితంగా లభించే తెలుగు ఫాంట్లు ఉన్నాయి. వాటిలో శీర్షికకు పనికివచ్చేది ఏది, సుదీర్ఘ పాఠానికి పనికివచ్చేది ఏది అని తేల్చుకోవడం కూడా విద్యలో భాగమే.

తెలుగువారి నిదర్శనం

చిన్న పని అనగానే చులకన కలగడం సహజం. కాని తెలుగు లిపి వెబ్‌లోకి ప్రవేశించిన చరిత్ర ఆ చులకనను తొలగిస్తుంది. ఈ శతాబ్ది ఆరంభంలో తెలుగు పత్రికలు కొన్ని తమ తమ సొంత ఫాంట్లతో సైట్లు నడిపేవి. ఒక పత్రిక ఫాంటుతో రాసినది మరొకచోట చదవ వీలయ్యేది కాదు. తెలుగులో టైపు చేయడం తెలిసినవారే అరుదు. ఈ స్థితిలో వెన్న నాగార్జున ‘పద్మ’ అనే లిపిమార్పిడి సాధనాన్ని రచించారు. వేర్వేరు ఫాంట్లలోని తెలుగును యూనికోడ్‌లోకి మార్చడం దాని పని. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేసినవారూ ఆయనే. అనంతరం వీవెన్ అనే పేరుతో ప్రసిద్ధులైన మరొక ఔత్సాహికుడు ‘లేఖిని’ అనే పేజీని రూపొందించారు. అందులో ఒక గడిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు రాస్తే, మరొక గడిలో అవి తెలుగు లిపిలో వెలుస్తాయి. లేఖినికి పద్మలోని మార్పిడి సూత్రాలే ఆధారం.

చూడబోతే అది రెండు గడుల పేజీ మాత్రమే. ఆడంబరం ఏమీ లేదు. కాని విదేశాలలో, పరరాష్ట్రాలలో ఉండి తెలుగు కీబోర్డు ఎరుగని ఎందరికో తమ భాషలో రాసుకొనే భాగ్యం ఆ పేజీ కల్పించింది. ఒకరు చేసిన పనిని మరొకరు విప్పి చూసి, దానిపై మరొక మెట్టు కట్టడమన్న ధర్మానికి కూడా ఇది చక్కని ఉదాహరణ. కొత్తగా నేర్చేవారు గ్రహించవలసినది ఇదే: పేజీ ఎంత పెద్దది అన్నది ముఖ్యం కాదు, ఎవరి అవసరం తీర్చింది అన్నదే ముఖ్యం.

తప్పుల లెక్క

పని చేయబోతే తప్పులు తప్పవు. ఒక కామా లోపించినా, ఒక గుర్తు మూయకపోయినా పేజీ తలక్రిందులు కావచ్చు. అనుభవం లేనివాడు ఎర్ర అక్షరాలలో కనిపించే దోషసూచనను చూసి భయపడి, అంతా చెరిపి మళ్ళీ మొదలుపెడతాడు. అనుభవజ్ఞుడు దానిని నింపాదిగా చదువుతాడు. ఏ వరుసలో దోషం ఉన్నదో, యంత్రం దేనిని ఆశించి దేనిని పొందిందో అందులో చాలావరకు రాసే ఉంటుంది. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది చెడగొట్టిందో తెలియదు. కనుక ఒక్కొక్కటిగా మార్చి చూడాలి.

కర్మాగారంలో ప్రతి షిఫ్టుకూ లాగ్‌బుక్ ఉంటుంది. కొలిమి వేడి ఎంత, ఏ వేళ ఏమి మార్చారు అన్నది రాసిపెట్టి దిగిపోతారు. వచ్చే షిఫ్టువారు దానిని చదివి పని అందుకొంటారు. సాఫ్ట్‌వేర్ రచనలో ఆ లాగ్‌బుక్ స్థానం ‘గిట్’ అనే సాధనానిది. లైనస్ టోర్వాల్డ్స్ దీనిని 2005లో రచించాడు. ప్రతి మార్పునూ, దాని కారణాన్నీ ఇందులో నమోదు చేయవచ్చు. చెడిపోతే వెనుకటి స్థితికి మరలవచ్చు. నేర్చే తొలి నెలలలోనే దీనిని అలవాటు చేసుకొన్నవానికి ప్రయోగం చేయడానికి భయముండదు. ఆరు నెలల తరువాత వెనుదిరిగి చూసుకొంటే తన ఎదుగుదల అంతా అందులో రాసి ఉంటుంది.

ఇతరుల సహాయం కోరడంలోనూ ఒక పద్ధతి ఉన్నది. ‘నా పేజీ పనిచేయడం లేదు’ అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. ఏమి ఆశించాను, ఏమి జరిగింది, ఇంతవరకు ఏమేమి ప్రయత్నించాను అన్న మూడు మాటలు స్పష్టంగా రాయగలిగితే, రాస్తూండగానే సగం సమస్యలు విడిపోతాయి.

రుసుములు, యంత్రసహాయం

విద్యార్జనకు ధనం ఎంత అవసరం? మొదటి ఏడాదికి అవసరమైన పాఠాలన్నీ ఉచితంగానే లభిస్తున్నాయి. మొజిల్లా సంస్థ నిర్వహించే ఎం.డి.ఎన్. గ్రంథాలయం వృత్తినిపుణులు సైతం నిత్యం తిరగవేసే ప్రమాణగ్రంథం. 2014లో వెలసిన ఫ్రీకోడ్‌క్యాంప్ అభ్యాసాలు చేయిస్తూ బోధిస్తుంది. ఐ.ఐ.టి. బొంబాయివారి స్పోకెన్ ట్యుటోరియల్ పథకం పలు భారతీయ భాషలలో పాఠాలు అందిస్తున్నది. కేంద్ర ప్రభుత్వం 2017లో ‘స్వయం’ వేదికను ప్రారంభించింది. 2016లో ఏర్పడిన ఐ.ఐ.టి. భిలాయి ఉన్నది గాని, అందులో ప్రవేశం కొద్దిమందికే సాధ్యం. ఈ ఉచిత పాఠాల వాకిలి మాత్రం అందరికీ తెరచి ఉన్నది. క్రమశిక్షణ, తోటివారి సాంగత్యం కోసం శిక్షణాలయంలో చేరడం తప్పు కాదు. కాని రుసుము చెల్లించే ముందు తల్లిదండ్రులు అడగవలసిన ప్రశ్న ఒకటున్నది: శిక్షణ ముగిసేనాటికి బిడ్డ స్వయంగా ఏమి కట్టి చూపగలడు? ఉద్యోగం ఖాయమన్న హామీ కంటే ఈ ప్రశ్నకు లభించే సమాధానం విలువైనది.

ఇటీవల కృత్రిమ మేధ యంత్రాలు కోరిన పేజీని నిమిషంలో రాసి ఇస్తున్నాయి. ఇక నేర్చుకోవడం ఎందుకన్న సందేహం పలువురిని బాధిస్తున్నది. యంత్రం రాసినది సరిగా ఉన్నదో లేదో చెప్పవలసినవాడు మనిషే. పైన చెప్పిన పది అక్షరాల నియమం వంటి దోషం యంత్రరచనలోనూ దొర్లవచ్చు. తెలుగు పేరు తెగిపోయినదని గుర్తించే కన్ను దోషాన్ని ఎరిగినవానికే ఉంటుంది. కాబట్టి నేర్చే దశలో యంత్రాన్ని వంటవానిగా కాక గురువుగా వాడుకోవాలి. ముందు తాను ప్రయత్నించి, పిదప సంశయం తీర్చుమనాలి. అది ఇచ్చిన ప్రతి వరుసకూ అర్థం చెప్పగలిగేవరకు దానిని తన పేజీలో చేర్చరాదు. ఒక వరుస మార్చితే ఏమవుతుందో ముందుగా ఊహించి, తరువాత మార్చి చూడాలి. ఊహ నిజమైన ప్రతిసారీ విద్య ఒక అంగుళం పెరిగినట్లే.

ఇతరుల నమ్మకం

పేజీ ప్రజల ముందుకు వెళ్ళిన క్షణం నుండి అభ్యాసకుడు కేవలం విద్యార్థి కాడు, బాధ్యత గలవాడు. ఉత్సవానికి పేర్లిచ్చినవారి ఫోను నంబర్లు అందరికీ కనిపించేట్లు పెడితే వారికి కలిగే చిక్కు అతనిదే. వ్యక్తిగత సమాచార రక్షణకై భారత పార్లమెంటు 2023లో చట్టం చేసింది. చట్టం మాట అటుంచి, అవసరం లేని వివరం అడగకుండడం, అడిగినదానిని బయటపెట్టకుండడం ప్రాథమిక మర్యాద. పేజీని చదివేవారిలో విశ్రాంత కార్మికులు ఉంటారు; చిన్న ఫోనులో, మసకబారిన కన్నులతో చూస్తారు. తెల్లని నేలపై లేత బూడిదరంగు అక్షరాలు ముచ్చటగా ఉండవచ్చు గాని వారికి కనిపించవు. అక్షరాలకూ నేలకూ మధ్య కాంతిభేదం కనీసం 4.5కు 1 ఉండాలని అంతర్జాతీయ ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. తన పేజీని ఒక పెద్దమనిషి చేతికిచ్చి, నోరు మెదపకుండా పక్కన కూర్చుని చూసినవాడు పది పాఠాలకు సరిపడినంత నేర్చుకొంటాడు.

అట్లా ఒక పేజీ, ఆ పైన రెండవది, మూడవది. ఏడాదిలో నాలుగైదు చిన్న పనులు పూర్తిచేసి, వాటిని వాడేవారి మాట విని సరిదిద్దినవాడు, నలభై వీడియో పాఠాలు చూసి ఏదీ ముగించనివానికంటే ఎంతో ముందుంటాడు. ఉద్యోగమిచ్చేవారి ఎదుట చూపడానికి అతనికి ధ్రువపత్రమే కాక తన చేతి పని ఉంటుంది; ఎందుకిట్లా చేశావని అడిగితే చెప్పడానికి కారణం ఉంటుంది. దేశమంతటా పరుచుకొన్న భిలాయి పట్టాల మీద రైళ్ళు నిత్యం పరుగెడుతున్నాయి. వాటిని పోతపోసినవారు కూడా ఒకనాడు కొలిమి ముందు కొత్తవారై నిలిచినవారే. వారి బిడ్డలకూ మనుమలకూ ఈ కొత్త పనిలో అదే మార్గం తెరచి ఉన్నది: చూడడం, చేయడం, దిద్దుకోవడం, మళ్ళీ చేయడం.